వరంగల్ నుంచి సముద్రం ఒడ్డుకు: విశాఖ–భీమిలి సైకిల్ ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

రోజూ పొద్దున్నే హనుమకొండ నుంచి మడికొండ దాకా తొక్కి వచ్చేవారికి, సెలవు రోజున రామప్ప చూసి వచ్చేవారికి అరవై కిలోమీటర్లు పెద్ద దూరమేమీ కాదు. విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం దాకా సముద్రాన్ని ఆనుకుని సాగే తారు రోడ్డు పోను రాను కలిపినా అంతకు మించదు. అయినా ములుగు రోడ్డు మీద అలవోకగా తొక్కే మనిషి అక్కడ తిరుగు దారిలో చతికిలబడవచ్చు. దూరం వల్ల కాదు, గాలి, ఇసుక, ఉప్పు వల్ల. మొదటి రెండింటినీ వరంగల్ చుట్టుపక్కలే సాధన చేయవచ్చు. మూడోదానికి ఇంటికి వచ్చాక ఒక పూట పని ఉంటుంది.

దారి స్వరూపం

కుర్సురా జలాంతర్గామి దగ్గర బయలుదేరడం మేలు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న ఆ జలాంతర్గామిని ఎవరినడిగినా చూపిస్తారు. అక్కడి నుంచి దారి ఈశాన్యంగా సాగుతుంది. లాసన్స్ బే, తెన్నేటి పార్కు, కైలాసగిరి కొండ పాదం, సాగర్ నగర్, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలి. ఊళ్లో దారి చదునుగా ఉంటుంది. కైలాసగిరి దాటాక ఎత్తుపల్లాలు మొదలవుతాయి. ఊపిరి ఆడనంత ఎక్కుడు ఎక్కడా లేదు, కానీ ఎదురుగాలి తోడైతే చిన్న ఎక్కుడు కూడా కొండంత అవుతుంది.

ఇది సైకిళ్లకు మాత్రమే కేటాయించిన బాట కాదు. బస్సులు, కార్లు, సెలవు రోజుల్లో హుషారుగా దూసుకుపోయే మోటారు సైకిళ్లు అన్నీ ఉంటాయి. ఆర్కే బీచ్ వైపు కొంత మేర ఉదయం నడకకు వచ్చేవారి కోసం వాహనాలను ఆపుతారు. ఆ సమయంలో బయలుదేరితే ఊరు దాటేదాకా హాయిగా ఉంటుంది.

బయలుదేరేముందే మనసులో పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. భీమిలికి వెళ్లేటప్పుడు సముద్రం మీ కుడి చేతి వైపు ఉంటుంది. మనం రోడ్డుకు ఎడమ అంచున తొక్కుతాం కాబట్టి వెళ్లేటప్పుడు కొండల వైపు, వచ్చేటప్పుడు సముద్రం వైపు ఉంటాం. గాలికి ఎగిరొచ్చిన ఇసుక ఎక్కువగా పేరుకునేది సముద్రం వైపు అంచునే. అంటే అలసిపోయి తిరిగి వస్తున్న వేళకే ఇసుక మన చక్రం కిందికి వస్తుంది. మధ్యాహ్నం దాటితే ఎండ కూడా ఎదురుగా, నైరుతి నుంచి కళ్లలో పడుతుంది. టోపీ అంచు, నల్ల కళ్లద్దాలు వెళ్లేటప్పటి కంటే వచ్చేటప్పుడే ఎక్కువ అవసరం.

మొదటి అడుగు: కాలం, వేళ

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నిటికంటే అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు అలవాటు పడ్డాం కదా అని ధీమాగా వెళ్లకండి. మన దగ్గరిది పొడి ఎండ. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది, ఒంట్లో వేడి తగ్గదు. థర్మామీటరులో అంకె మన దగ్గరికంటే తక్కువ చూపించినా శరీరానికి శ్రమ ఎక్కువ. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకింది ఈ తీరాన్నే. ఆ నెలల్లో టికెట్టు తీసుకున్నా వాతావరణ శాఖ సూచన చూడకుండా రైలెక్కవద్దు.

ఇక గాలి. పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడి గాలి పైకి లేస్తే ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి గాలి అటు తిరుగుతుంది. అందుకే తెల్లవారుజామున తీరంలో గాలి పలచగా, నేల మీది నుంచి నీటి వైపు వీస్తుంది. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పుంజుకుని మధ్యాహ్నానికి బలపడుతుంది. దీనికి తోడు ఋతువును బట్టి వీచే గాలి ఉంది. వేసవి నుంచి వానాకాలం దాకా నైరుతి గాలి భీమిలి వైపు వెనుక నుంచి నెడుతుంది. అది తీపి మోసం. ఎంత బాగా తొక్కుతున్నామో అనుకుంటూ వెళ్లి, వెనక్కి తిరగగానే అసలు సంగతి తెలుస్తుంది. అక్టోబరు తర్వాత ఈశాన్య గాలి పోయేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు సాయపడుతుంది. నన్నడిగితే ఈ రెండోదే మేలు, కష్టం ముందే తీరిపోతుంది.

ఎదురుగాలి ఎంత తేడా చేస్తుందో లెక్క కట్టవచ్చు. గాలి లేనప్పుడు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారనుకోండి. ఎదురుగా 10 కిలోమీటర్ల గాలి వీస్తే మీ ఒంటికి తగిలే గాలి వేగం 30 అవుతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అది రెండింతలకు పైగా అవుతుంది. అప్పుడు వేగం చూసి పంతానికి పోకూడదు. గేరు తగ్గించి, మోచేతులు కొంచెం వంచి, పెడళ్ల లయ చెడకుండా చూసుకుంటే చాలు. వేగం 14కో 15కో పడిపోయినా పరవాలేదు.

వేళ విషయంలో ఇంకో సంగతి. విశాఖ మనకు తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు వరంగల్ కంటే దాదాపు పావుగంట ముందు ఉదయిస్తాడు. ఇంటి దగ్గరి అలవాటుతో లేస్తే ఆ పావుగంట పోతుంది. తొలి వెలుగుకే సైకిలు మీద ఉండి, పదిన్నర లోపు తిరిగి ఊరు చేరేలా చూసుకోండి.

రెండో అడుగు: ఇంటి దగ్గరే సాధన

భద్రకాళి చెరువు బండ్ మీద, వడ్డేపల్లి చెరువు చుట్టుపక్కల తిరగడం కాళ్లు సాగడానికి సరిపోతుంది కానీ గాలిని ఎదుర్కోవడానికి సరిపోదు. దానికి జూన్, జూలై నెలల్లో హనుమకొండ నుంచి హైదరాబాద్ దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్లి రండి. దూరం ఇంచుమించు భీమిలి అంతే. అటు వెళ్లేటప్పుడు ఆ నెలల్లో పడమటి గాలి ముఖాన కొడుతుంది. అది జాతీయ రహదారి, లారీలు ఆగవు. కాబట్టి ఆదివారం తెల్లవారుజామునే వెళ్లాలి. గీత దాటకుండా అంచునే ఉండాలి, వెనుక ఎర్ర దీపం వెలుగుతూ ఉండాలి.

తారు మీద ఇసుక సంగతి తీరంవాళ్ల కంటే మనకే ఎక్కువ తెలియాలి. మహదేవపూర్, ఏటూరునాగారం వైపు గోదావరి ఇసుక మోసే లారీల నుంచి రాలిన ఇసుక మలుపుల దగ్గర పలచగా పరుచుకుని ఉంటుంది. అలాంటి చోట మనం చేసే పనే బీచ్ రోడ్డు మీదా చేయాలి. దూరం నుంచే గుర్తించాలి. ఇసుక మీదికి వెళ్లకముందే వేగం తగ్గించుకోవాలి. ఇసుక మీద ఉండగా బ్రేకు నొక్కకూడదు, ముఖ్యంగా ముందు బ్రేకు. సైకిలును వాల్చకూడదు. ఇసుక పొర అర అంగుళమే ఉన్నా కింద తారు గట్టిగా ఉంటుంది కాబట్టి టైరుకు పట్టు దొరకదు, జారిపోతుంది. లోతైన ఇసుకలో దిగబడి ఆగిపోతాం, పలచని ఇసుకలో పడిపోతాం. రెండింటిలో పలచనిదే ప్రమాదం.

లోతైన ఇసుకలో తొక్కడం నేర్చుకోవడానికి కరీంనగర్ దగ్గర మానేరు ఇసుక, వేసవిలో ఎండిన మేడారం జంపన్న వాగు లాంటి చోట్లు ఉన్నాయి. ఒడ్డు దగ్గరే ఉండండి. ఇసుక తవ్విన గుంతల జోలికి వెళ్లవద్దు, నీళ్లున్న కాలంలో అసలు దిగవద్దు. సాధన ఇలా చేయాలి. గట్టి నేల మీద ఉండగానే గేరు తేలిక చేసుకోండి. ఇసుకలోకి దిగాక మార్చడానికి వ్యవధి ఉండదు. నడుమును కొంచెం వెనక్కి జరపండి. ముందు చక్రం మీద బరువు ఉంటే అది నాగలి కర్రులా దిగబడుతుంది. చక్రం దిగబడగానే హ్యాండిల్ దానంతటదే పక్కకు తిరగబోతుంది. అప్పుడు బిగపట్టి సరిచేయబోతే పడతారు. పిడి వదులుగా పట్టుకుని, చూపు పది పదిహేను అడుగుల దూరాన నిలిపి, ఆగకుండా సమంగా తొక్కుతూ పోతే సైకిలు అటూ ఇటూ ఊగుతూనే ముందుకు వెళ్తుంది. ఆగిపోతే దిగి నడవడమే. పొడి ఇసుకలో ఆగిన చోటు నుంచి మళ్లీ తొక్కడం ఎవరివల్లా కాదు.

మూడో అడుగు: ఏ సైకిలు, ఎంత గాలి

ఎక్కువ భాగం తారు రోడ్డే కాబట్టి 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్లున్న హైబ్రిడ్ సైకిలు, అంటే రేసు సైకిలుకూ కొండ సైకిలుకూ మధ్యరకం, సరిపోతుంది. సన్న టైర్ల రేసు సైకిలు ఇసుక పొర మీద నమ్మదగ్గది కాదు. లావు టైర్ల ఫ్యాట్ బైక్ మీద ఫొటోలు బాగా వస్తాయి, ఎదురుగాలిలో మాత్రం ప్రాణం తీస్తుంది. మామూలు గేర్లు లేని సైకిలు మీద కూడా ఈ దారి పూర్తి చేయవచ్చు. కాకపోతే బయలుదేరే ముందు పెడల్ కడ్డీలను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు బిగించి, బేరింగు గోళీలకు కొత్త గ్రీజు పెట్టించండి. గ్రీజు చక్రం తేలికగా తిరగడానికే కాదు, ఉప్పు గాలి లోపలికి చేరకుండా అడ్డుగా కూడా పనిచేస్తుంది.

టైరులో పట్టే గాలికి హద్దు ఎంతో టైరు పక్కన అచ్చు వేసి ఉంటుంది, అది చూడండి. 35 మిల్లీమీటర్ల టైరుకు తారు మీద 50 నుంచి 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలామందికి సరిపోతుంది. రెండు అంగుళాల కొండ సైకిలు టైరుకు 35 నుంచి 40. ఆ లావు టైరుతో ఇసుకలోకి దిగదలిస్తే 20 దాకా తగ్గించవచ్చు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని దిగబడదు. తారు ఎక్కగానే మళ్లీ కొట్టాలి, లేకపోతే గుంత తగిలినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల తెగుతుంది. అందుకే చిన్న పంపు వెంట ఉండాలి.

పంక్చరుకు అసలు శత్రువు సముద్రం కాదు, పల్లేరు కాయ. ఇసుక నేలలో రోడ్డు అంచున పాకే ఆ తీగ కాయలు ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. సైకిలును రోడ్డు దించి గడ్డిలో నెట్టుకుంటూ వెళ్లినప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటాయి. కాబట్టి పక్కకు వెళ్లాలంటే ఎత్తుకుని వెళ్లండి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి. విరిగిన ముల్లు మొన టైరులోనే ఉండిపోతుంది, గుడ్డకు తగులుకుని తెలుస్తుంది. వేలితో వెతికితే వేలు చీరుకుంటుంది. ఒక ట్యూబు, ప్యాచ్‌లు, సొల్యూషన్, టైరు విప్పే రెండు పుల్లలు, పాత రకం సైకిలైతే వాల్వు ట్యూబు అనే సన్నటి రబ్బరు ముక్కలు రెండు మూడు సంచిలో ఉండాలి. రుషికొండ దాటాక పంక్చరు దుకాణాన్ని నమ్ముకోలేం.

నాలుగో అడుగు: సైకిలుతో రైలు ప్రయాణం

వరంగల్ నుంచి విశాఖకు విజయవాడ మీదుగా రైలు దారి. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగవచ్చు. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది కానీ అందులో సైకిలు ఆలోచన పెట్టుకోవద్దు.

సైకిలును రైల్లో పంపడానికి స్టేషనులోని పార్సిల్ కార్యాలయంలో మీ టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేయాలి. రైల్లో సామాను వేసే పెట్టె అయిన బ్రేక్ వ్యాన్‌లో వేస్తారు. రైలు సమయానికి కనీసం అరగంట ముందే అప్పగించాలన్నది నియమం, నేనైతే రెండు గంటల ముందు వెళ్లమంటాను. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, ఫ్రేముకు గోనె చుట్టి, పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను రాసిన చీటీలు రెండు చోట్ల కట్టండి. చిక్కు ఏమిటంటే వరంగల్‌లో రైలు కాసేపే ఆగుతుంది. ఆ కొద్దిసేపట్లో సైకిలు రైలెక్కకపోతే తర్వాతి రైల్లో వస్తుంది, మీరు విశాఖలో కాళ్లాడించుకుంటూ కూర్చోవాలి. సైకిలును ఒక రోజు ముందు పంపడం దీనికి విరుగుడు. ఇంకో ఉపాయం చక్రాలు విప్పి సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లడం. స్లీపర్ తరగతిలో వెంట ఉంచుకోదగ్గ సామాను కొలత 100×60×25 సెంటీమీటర్లు. చిన్న ఫ్రేమైనా, మడత సైకిలైనా అందులో ఇముడుతుందో లేదో ముందే కొలిచి చూసుకోండి, పెద్దవి ఇమడవు.

ఒక్క రోజు తొక్కడానికైతే ఇంత ప్రయాస అనవసరం. విశాఖలో అద్దె సైకిళ్లు దొరుకుతాయి. డబ్బు కట్టే ముందు వెనుక చక్రం ఎత్తి పెడల్ తిప్పి చూడండి, చైను గరగరమంటే మరోటి అడగండి. రెండు బ్రేకులూ విడివిడిగా పరీక్షించండి. సీటు ఎత్తు సరిచేసే బోల్టు తుప్పుపట్టి కదలకపోతే ఆ సైకిలు వద్దు. మీకు అలవాటైన సీటు ఒక్కటి ఇంటి నుంచి తీసుకెళ్తే అద్దె సైకిలు కూడా సొంతదానిలాగే ఉంటుంది.

ఐదో అడుగు: తొక్కే రోజు

బయలుదేరే ముందు రెండు ఇడ్లీలు, అరటిపండు చాలు. లీటరు నీళ్ల సీసాలు రెండు పెట్టుకుని ఒకదానిలో ఓఆర్ఎస్ కలపండి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. తేమ వల్ల ఎంత చెమట పోయిందో తెలియదు. దారిలో కొబ్బరి బోండాలు దొరుకుతాయి. మురీ మిక్చర్, బొంగు చికెన్ తిరిగొచ్చాక.

జాలరిపేటల్లో నెమ్మదిగా వెళ్లండి. రోడ్డు అంచున వలలు ఆరేసి ఉంటాయి, చేపలు ఎండబెట్టి ఉంటాయి, పడవ తాళ్లు ఇసుకలో సగం పూడి ఉంటాయి. వల మీదుగా సైకిలు పోనిస్తే వారి జీవనాధారం తెగుతుంది, మీ పెడలూ చిక్కుకుంటుంది. తెల్లవారుజామున చేపల గంపలతో ఆడవారు రోడ్డు దాటుతుంటారు. గంట కొట్టి ఆగండి, గంట కొట్టి దూసుకుపోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఆ పడవలు నిలిచే ఉంటాయి.

తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువుల విహారాల శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. పైకి వెళ్లే దారి ఎక్కుడు. వెళ్లేటప్పుడే ఎక్కండి, వచ్చేటప్పుడు మనసు రాదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం తీరికగా ఆగాలి. వేల ఏళ్లపాటు సముద్రమట్టం హెచ్చుతగ్గులవుతున్న కాలంలో గాలి పోగేసిన ఇసుక ఇది. అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది ఎర్రబారింది. వాన నీళ్లు కోసిన లోయలు, నిట్టనిలువు గోడలు చూస్తే ఇది ఇసుకేనా అనిపిస్తుంది. గోడను చేత్తో రుద్దితే పొడిగా రాలుతుంది, కాబట్టి రుద్దకండి. దీనిని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. సైకిలుకు రోడ్డు దగ్గరే తాళం వేసి నడిచి లోపలికి వెళ్లండి. చక్రం గీసిన గాడిలో వాన నీరు చేరి అదే కొత్త కోతకు దారి తీస్తుంది. ఒడ్డున ఇసుకను పట్టి ఉంచే తీగలకూ ఇదే వర్తిస్తుంది. రావణాసురుని మీసాలు అనే ముళ్ల గడ్డి, ఊదా పూల ఇసుక తీగ లేకపోతే దిబ్బ నిలవదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో రాత్రివేళ ఇసుకలోకి సైకిలు, దీపాలు తీసుకెళ్లవద్దు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లి, డచ్చివారి సమాధులు చూసి వెనుదిరగండి. తడి ఇసుక మీద తొక్కాలన్న సరదా ఉంటే అల తాకి వెనక్కి పోయిన గట్టి పట్టీ మీద వంద గజాలు తొక్కండి, నీళ్లలోకి మాత్రం దింపవద్దు. స్నానం సంగతి కచ్చితంగా చెప్పాలి. చెరువుల్లో ఈత వచ్చినవారికి సముద్రం రాదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు, కాళ్ల కింది ఇసుకను లాగేసే ప్రవాహం ఉన్నాయి. తొక్కి అలసిన ఒంటితో అసలు దిగవద్దు.

పిల్లలతో వెళ్లేవారికి, ఇంత దూరం వద్దనుకునేవారికి బాపట్ల నుంచి సూర్యలంక దారి ఉంది. దాదాపు 9 కిలోమీటర్లు, ఎక్కుడన్నది లేదు.

ఆరో అడుగు: ఉప్పు వదిలించడం

ఈ పని విశాఖలోనే మొదలవ్వాలి. అదే రోజు సాయంత్రం మగ్గుతో మంచినీళ్లు పోసి సైకిలంతా కడగండి. సర్వీసింగ్ దుకాణాల్లోని జోరు గొట్టం వద్దు, అది ఉప్పు నీటిని బేరింగుల లోపలికి నెడుతుంది. పొడి గుడ్డతో తుడిచి, చైనును వెనక్కి తిప్పుతూ గుడ్డలో పట్టి ఆరనిచ్చి, లింకు లింకుకూ ఒక చుక్క నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయండి. నూనె ఓడుతున్న చైనుకు ఇసుక అంటుకుంటే అది పళ్లచక్రాన్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

ఇంటికొచ్చాక సీటు గొట్టం బయటికి లాగి తుడిచి గ్రీజు రాసి మళ్లీ పెట్టండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఉప్పు పట్టిన సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోతే తీయించడానికి సైకిలు మిస్త్రీ కూడా తల పట్టుకుంటాడు. స్పోకులు రిమ్ములోకి దిగే మొనల దగ్గర, బ్రేకు తీగ చివర్ల దగ్గర ఒక్కో చుక్క నూనె వేయండి. తుప్పు వెంటనే కనిపించదు. వారం పది రోజుల తర్వాత చక్రం ఎత్తి తిప్పి చెవి పెట్టండి. గరగర వినిపిస్తే గోళీలు విప్పించి, కిరోసిన్‌తో కడిగించి, కొత్త గ్రీజు పెట్టించాలి. అప్పటికే గోళీల మీద గుంటలు పడి ఉంటే కడిగినా లాభం లేదు, మొత్తం సెట్టు మార్చండి.